కంద బచ్చలిపై మాత్రల అభ్యంతరం

మా ఆఫీసులో మాత్రలకు అభిప్రాయం చెప్పే హక్కు వచ్చిన సంగతి బయట ఎక్కువమందికి తెలియదు. పేపర్లో వెయ్యలేదు. వేసి ఉంటే మిగతా ఆఫీసులు కూడా బాగుపడేవని మా ఎండీ చక్రధరరావు గారు ఇప్పటికీ బాధపడుతుంటారు.

మాది కాలువగట్ల సంరక్షణ సంస్థ. డెల్టాలో కాలువలకు గట్లు ఉన్నాయా, లేకపోతే ఎందుకు లేవు అని చూడడం మా పని. గట్లు వాటి మానాన అవి ఉంటాయి, మేము మా మానాన మేముంటాం. ఒకరి జోలికి ఒకరు వెళ్లకపోవడం వల్ల సంస్థ ఇంతకాలం ప్రశాంతంగా నడిచింది. ఆ ప్రశాంతతకు భంగం కలిగించింది ఒక డాక్టరమ్మ. పాపం, ఆవిడ తప్పేమీ లేదు.

ఆరోగ్య దినోత్సవం జరిపి ఫొటోలు పంపమని పైనుంచి ఉత్తరువు వస్తే, పక్కవీధి ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టర్ మెహరున్నీసా గారిని పిలిచాం. ఆవిడ ఉపన్యాసం మేము సమోసాలు పంచేలోపే అయిపోయింది.

"థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. వేసుకున్న వెంటనే కాఫీ తాగెయ్యకండి, కాసేపు ఆగండి. ఐరన్ మాత్ర టీతో మింగకండి. కొన్ని యాంటీబయాటిక్స్‌కి పాలు పడవు. రక్తం పలచబడ్డానికి మాత్ర వేసుకునేవాళ్లు ఆకుకూర ఒక వారం గంపెడు తిని, మరో వారం మానెయ్యకూడదు. ఎప్పుడూ తినేంత తినండి. ఏ మందు సంగతి ఆ మందుదే. మీ మందు సంగతి మీ డాక్టర్ని అడగండి. అంతేనండీ" అని కూచున్నారు.

మేమంతా చప్పట్లు కొట్టాం. ఎండీ గారు కొట్టలేదు. ఆయన ముఖంలో ఒక వెలుగు కనిపించింది. ఆ వెలుగు కిందటిసారి కనిపించినప్పుడు గట్లకు హాజరుపట్టీ పెట్టారు.

"డాక్టర్ గారు అత్యంత ప్రమాదకరమైన పరిస్థితిని మన దృష్టికి తెచ్చారు" అని ఆయన లేచారు. "కానీ ఎవరికి వారు విడివిడిగా డాక్టర్లను అడిగి తెలుసుకునే పద్ధతి అరాచకానికి దారి తీస్తుంది. అలాగైతే సంస్థ ఎందుకు?"

డాక్టరమ్మ ఏదో చెప్పబోయి, సమోసా ప్లేటు చేతికొస్తే తీసుకుని ఊరుకున్నారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఆహారమును, ఔషధమును పరస్పర సంప్రదింపులు లేకుండగనే ఒకే ఉదరమునందు ప్రవేశించుచున్నట్లు సంస్థ దృష్టికి వచ్చినది. ఇట్టి సమన్వయలోపమును ఉపేక్షించుట తగదు. కావున సంస్థ పరిధిలోని ప్రదేశముల యందు సామూహికముగా సేవించు ప్రతి పదార్థమునకును, సిబ్బంది వాడుచున్న ప్రతి మాత్ర నుండియు నిరభ్యంతర పత్రము పొందవలెను. మాత్ర స్వయముగా వ్రాయజాలదు గనుక, దానిని మింగువారు దాని తరఫున వ్రాయవలెను."

ఇది అమలు చెయ్యడానికి ఆహార ఔషధ సమన్వయ విభాగం పుట్టింది. గట్లు చూసేవాళ్లలోంచి ఇద్దరిని తీసి అందులో వేశారు. గట్లకు ఆ తేడా తెలియలేదు. విభాగానికి అధిపతిగా అకౌంట్స్ ఆఫీసరు వల్లభరావు గారిని నియమించారు. అర్హత ఏమిటంటే, ఆఫీసు మొత్తం మీద ఎక్కువ మాత్రలు వేసుకునేది ఆయనే. గుండెకి ఆపరేషను అయింది. రక్తం పలచబడేందుకు ఒకటి, బీపీకి ఒకటి, ఇంకా వేరేవి. అన్నీ ఒక డబ్బాలో పెట్టుకుని తిరుగుతారు. అప్పటిదాకా ఆ డబ్బా చూసి జాలిపడ్డవాళ్లు ఇప్పుడు లేచి నిలబడడం మొదలుపెట్టారు.

మాత్రలు ఉన్నవాడికే మాట. నాకున్నది ఒకే ఒక గ్యాసు మాత్ర, అదీ టిఫినుకు ముందు వేసుకునేది. మీటింగుల్లో నన్ను చివరి బల్ల మీద కూచోబెట్టేవారు. అసలు మాత్రలే లేనివాళ్ల పరిస్థితి మరీ అన్యాయం, వాళ్లను లోపలికే రానిచ్చేవారు కాదు. స్టోర్సులో పనిచేసే ఒకాయన నెలాఖరుకల్లా మోకాలి నొప్పి సంపాదించుకొచ్చాడు.

మొదట పోయింది టీ. ఐరన్ మాత్రలు వేసుకునే ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్లు మాత్ర వేసుకునే ముందు కాసేపు, తరవాత కాసేపు టీ ఉండకూడదు. ఒకావిడ పొద్దున వేసుకుంటుంది, ఇంకొకావిడ మధ్యాహ్నం. థైరాయిడ్ వాళ్ల వేళలు వేరు. అందరి వేళలూ కూడి తీసేస్తే ఏ మాత్రకూ భంగం కలగని టీ వేళ ఆఫీసు తాళం వేశాక వస్తోంది. ఆ వేళకి టీ సరఫరా చెయ్యాలని వీధి చివర టీ కొట్టువాడికి ఉత్తరువు ఇచ్చారు. అప్పుడు తాగేవాళ్లెవరూ లేరు గనుక ఆ టీ వల్ల ఎవరి ఆరోగ్యానికీ హాని లేదని విభాగం సంతృప్తి వెలిబుచ్చింది. మా ఇద్దరు ఐరన్ ఆడవాళ్లూ ఎండీ గారి దగ్గరకు వెళ్లి, "మేం టీయే తాగమండీ, మాకు మజ్జిగే అలవాటు" అని మొత్తుకున్నారు. "అది మీ అభిప్రాయం. మీ మాత్రల అభిప్రాయం రికార్డయిపోయింది" అన్నారాయన.

ఇంతవరకూ నేను నవ్వుకుంటూనే ఉన్నాను. కనకరత్నం గారి విషయం వచ్చేసరికి నవ్వు పోయింది.

కనకరత్నం గారు మా సూపరింటెండెంటు. ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. నేను ఆవిణ్ణి అక్కగారూ అంటాను, ఆవిడ నన్ను తమ్ముడూ అంటుంది. ఆఫీసులో ఎవరు రిటైరైనా వీడ్కోలు భోజనం ఏర్పాట్లన్నీ ఆవిడవే. వంట తాతారావుని పిలిపించడం, కూరలు ఎంచడం, కొంగు బిగించి వడ్డించడం. అందరి భోజనాలూ అయ్యాక ఆవిడ కూచునేసరికి గిన్నెల్లో చారు, పెరుగు మిగిలేవి. ఇన్నేళ్లలో ఆవిణ్ణి మొదటి బంతిలో చూసినవాళ్లు లేరు. మేమెవరం గమనించలేదు కూడా. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

"తమ్ముడూ, నా భోజనాలకి నువ్వే పెద్దరికం చెయ్యాలి" అని ఆవిడ నా బల్ల దగ్గరకొచ్చి చెప్పింది. "నాకు శాలువాలూ అవీ ఒద్దు. కంద బచ్చలి కూర పెట్టించు. ఆవ బాగా దట్టించి. ఆ రోజు మాత్రం నేను ముందు బంతిలో కూచుంటాను. చెప్తున్నా, మళ్లీ లెమ్మంటే లేవను."

"మిమ్మల్ని లేపే మగాడెవడండీ" అన్నాను. ఆ మాట అనేశాక తప్పించుకోవడానికి లేదు గదా, పదార్థాల పట్టీతో ఫైలు పెట్టాను. కంద బచ్చలి కూర, పులిహోర, గారెలు, పెరుగు, పాయసం.

ఫైలు విభాగంలోకి నడుచుకుంటూ వెళ్లి, మంచం మీద పడుకుని తిరిగొచ్చింది.

పులిహోరకు బీపీ మాత్రలు అభ్యంతరం చెప్పాయి, ఉప్పు లేకుండా వండితే పునఃపరిశీలిస్తామన్నాయి. పాయసానికి ఒక ఇంజినీరు గారి యాంటీబయాటిక్ అభ్యంతరం. ఆయన కోర్సు విందుకు ఎంతో ముందే అయిపోతుంది, జలుబూ తగ్గిపోయింది. అయినా "ఫైలు ప్రారంభమైన నాటికి కోర్సు అమలులో ఉన్నందున" అభ్యంతరం చెల్లుతుందన్నారు. పెరుగు పాల వారసురాలు కాబట్టి అదీ పోయింది. గారెలు కొట్టేసింది నా సొంత గ్యాసు మాత్ర. నేను అభ్యంతరం రాయలేదే అని పరుగెత్తుకెళ్తే, విందు పెద్దను నేనే కాబట్టి మాత్ర ప్రయోజనాలను నిష్పక్షపాతంగా కాపాడలేనని, అందుకని దాని తరఫున విభాగమే రాసిందని చెప్పారు. నా కడుపులోకి వెళ్లే మాత్రకు నేనే శత్రువునయ్యాను.

ఉత్త అన్నం దగ్గర చిక్కొచ్చింది. షుగరు మాత్రలు వేసుకున్నాక అన్నం ఆలస్యం కాకూడదని ఒక వర్గం, కడుపు ఖాళీగా ఉండాలని ఇంకో వర్గం. ఒకే ఆఫీసు ఏకకాలంలో నిండు కడుపుతోనూ, ఖాళీ కడుపుతోనూ ఉండడం ఎలాగో వివరించమని హెడ్డాఫీసుకు రాశారు. జవాబు వచ్చేదాకా అన్నం పెండింగు.

ఇక కంద బచ్చలి. బచ్చలి ఆకుకూర. వల్లభరావు గారి రక్తం మాత్ర తన తరఫున పెద్ద అక్షరాలతో "తీవ్ర అభ్యంతరం" అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

కనకరత్నం గారు ఫైలు చదివి, కళ్లజోడు తీసి పెట్టి, నేరుగా ఎండీ గారి గదిలోకి నడిచింది. వెనకే నేనూ.

"సార్, నా వీడ్కోలు భోజనం మీద నా అభిప్రాయం కూడా రాయాలండీ."

ఎండీ గారు రిజిస్టరు తెప్పించి వేలు పెట్టి వెతికారు. "మీ పేర ఒక్క మాత్ర కూడా నమోదు కాలేదమ్మా."

"నాకు ఏ జబ్బూ లేదండీ, భగవంతుడి దయ."

"అక్కడే వచ్చింది ఇబ్బంది. మీ తరఫున ఎవరు మాట్లాడాలి?"

"నా తరఫున నేను మాట్లాడతానండీ."

"అలాంటి నిబంధన లేదు" అని ఆయన నిజంగానే విచారించారు. తరవాత మెల్లగా, సాయం చేసే ధోరణిలో, "నెలాఖరులోగా చిన్నపాటి బీపీ అయినా రాకపోతుందా?" అన్నారు.

"మీరు ప్రయత్నిస్తున్నారు గదండీ సార్, వచ్చేలాగే ఉంది" అంది ఆవిడ.

బయటికి వచ్చాక కారిడార్లో కిటికీ దగ్గర ఆగింది. "పోనీలే తమ్ముడూ. కూర కోసం ఇంత రభసేంటి, చిన్నపిల్లలాగ" అంది. కానీ అటు తిరిగి అంది. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి ఒకే ఒక్క కూర అడిగితే పెట్టించలేని నా చేతగానితనానికి నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి అన్ని మాత్రలూ ఏకగ్రీవంగా ఆమోదించిన పదార్థం ఒకటి తేలింది. గోరువెచ్చని మంచినీళ్లు. ఎండీ గారు విభాగాన్ని అభినందించారు.

ఈలోగా వల్లభరావు గారికి ఒక విచిత్రం జరిగింది. ఆయన భార్య చేతి ఆకుకూర పెళ్లయిన నాటినుంచి రోజు విడిచి రోజు తింటున్న మనిషి. విభాగాధిపతి అయ్యాక అందరికీ ఆదర్శంగా ఉండాలని ఆకు అన్నదాన్ని ముట్టడం మానేశారు. కరివేపాకు కూడా ఏరి పక్కన పెట్టేవారు. అలా మానేసి నిష్ఠగా మాత్ర మాత్రం వేసుకుంటుంటే, ఓ రోజు పళ్లు తోముకుంటుండగా చిగుళ్లలోంచి రక్తం ఆగలేదు. మోచేతి మీద దెబ్బ తగలకుండానే నల్లగా కమిలింది. భయపడి మెహరున్నీసా గారి దగ్గరకు పరుగెత్తారు.

ఆవిడ రక్తపరీక్ష చూసి లేచి నిలబడ్డారట. "మీకు మోతాదు కట్టింది మీరు ఆకుకూర తినే అలవాటు చూసేనండీ. అది ఒక్కసారి మానేస్తే మాత్ర జోరు పెరిగిపోదా? రక్తం మరీ పలచబడిపోయింది. ఎవరు మానమన్నారు మిమ్మల్ని?"

"నేనేనండి. అధిపతి హోదాలో."

డాక్టరమ్మ తల పట్టుకున్నారు. మాత్ర ఆపి, మళ్లీ పరీక్ష చేసి, సరిపడ్డాక ఇంటికి పంపిస్తూ, మునుపు తిన్నట్టే, తిన్నంతే, ఆకుకూర తినమని చీటీ రాసిచ్చారు. వల్లభరావు గారు తిన్నగా నా దగ్గరకొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"పేర్రాజు గారూ, కొంచెంలో తప్పిందండి. నా మాత్ర పేర నేను రాసిందంతా తప్పేనండి. దానికి బచ్చలితో తగాదా లేదట. అలవాటు తప్పితేనే తగాదా. ఆ అభ్యంతరం వెనక్కి తీసేసుకుంటానండి."

ఇద్దరం చీటీ పట్టుకుని ఎండీ గారి దగ్గరకు వెళ్లాం. ఆయన దాన్ని రెండువైపులా చూశారు.

"వల్లభరావు గారూ, మీరు కోలుకున్నందుకు సంస్థ హర్షిస్తోంది. అయితే ఒక సూక్ష్మం గమనించాలి. అభ్యంతరం మీది కాదు, మాత్రది. మీరు దాని తరఫున రాసినవారు మాత్రమే. ఉపసంహరించుకోవలసింది మాత్ర."

"మాత్ర ఎలా ఉపసంహరించుకుంటుందండీ బాబూ?"

"ఆ విషయమై విధివిధానాలు రూపొందించాలి. ఒక ఉపసంఘం వేద్దాం."

వల్లభరావు గారు ఏళ్లతరబడి ఎదుటివాడి బిల్లులో కొర్రీ వెతికిన మనిషి. గది బయటికి వచ్చి, సర్క్యులర్ తీసి, మొదటిసారి దాన్ని బిల్లు చదివినట్టు చదివారు. చదివి, చిగుళ్ల సంగతి కూడా మర్చిపోయి నవ్వారు.

"సంస్థ పరిధిలోని ప్రదేశముల యందు అన్నారండి. మన పరిధి గట్టు దాకానే గదా. కాలువలో నీళ్లు మనవి కావు, నీళ్లకి వేరే శాఖ ఉంది."

"అయితే?"

"అయితే ఏంటండీ, పంటు మీద పెట్టేద్దాం."

మా ఆఫీసు వెనక కాలువలో పంటు ఉంది. మోటారు సైకిళ్లనూ, గడ్డి బళ్లనూ ఆవలికి దాటించే వెడల్పాటి బల్లకట్టు. దాని మీద నాలుగు వరసల విస్తళ్లు పరవొచ్చు. తాతారావుకి కబురు చేస్తే, "ఊగదు కదండీ?" అని అడిగాడు. ఊగితే చారు తగ్గించి కూర పెంచమన్నాను. నీళ్ల శాఖ అనుమతి కోరుతూ ఉత్తరం కూడా పంపాం. మేము చట్టం తెలిసినవాళ్లం.

ఆ రోజు వచ్చింది. హాల్లో కనకరత్నం గారికి దండ వేశారు, వద్దన్నా శాలువా కప్పారు. ఎండీ గారు ఆవిడ సేవల్ని కొనియాడి, "ఔషధ భద్రతతో కూడిన ప్రథమ వీడ్కోలు విందు"ను ప్రారంభించారు. గ్లాసులు వచ్చాయి. అందరం లేచి నిలబడి గోరువెచ్చటి నీళ్లు తాగాం.

"ఎలా ఉందమ్మా?" అని ఆయన ఆప్యాయంగా అడిగారు.

"బావుందండీ. ఉప్పు సరిపోయింది" అంది ఆవిడ.

భోజన విరామం గంట కొట్టగానే హాలు ఖాళీ అయింది. వెనక గుమ్మంలోంచి అందరం ఒకరివెనక ఒకరు కాలువ వైపు నడిచాం. మాత్రలు కూడా ఎవరి జేబుల్లో వాళ్లవి వచ్చాయి. పంటువాడు తాడు విప్పి, గట్టుకు అంగుళం దూరంలో నిలిపాడు. తాతారావు మూత తీశాడు. ఆవ ఘాటు గాలికెక్కి ఆఫీసు మేడ దాకా పోయింది.

మెహరున్నీసా గారిని కూడా పిలిచాం. ఆవిడ వల్లభరావు గారి విస్తరి దగ్గర నిలబడి, "మీకు ఇంట్లో తినేంతే. పండగని చెప్పి గిన్నె బోర్లించుకోకండి" అని ముందే హెచ్చరించారు. ఐరన్ ఆడవాళ్లు మజ్జిగ ఎక్కడని అడుగుతున్నారు. నేను గారెల కేసి చూసి, నా మాత్ర పొద్దున్నే దాని పని అది చేసుకుపోయింది గనుక నిశ్చింతగా ఉన్నాను.

ఇంతలో గట్టు మీద ఎండీ గారు ప్రత్యక్షమయ్యారు.

"ఏమిటిది? ఎవరి అనుమతితో?"

"నీళ్ల శాఖకి రాశామండి" అన్నారు వల్లభరావు గారు వినయంగా. "జవాబు వచ్చాక తమరికి ప్రతి పంపిస్తాం."

 ఎండీ గారి సొంత పద్ధతే ఆయనకు ఎదురొచ్చి నమస్కారం పెట్టింది.  గాలి మళ్లీ అటు తిరిగింది. ఆయన గుటక మింగడం మేమందరం చూశాం.

"రండి సార్, భోంచేద్దురుగాని" అని పిలిచింది కనకరత్నం గారే. నాకైతే ఆయన్ని పిలవాలని లేదు.

"నేను నా మాత్రను సంప్రదించాలి" అన్నారాయన గొంతు తగ్గించి.

"ఏం మాత్రండీ?" అన్నారు డాక్టరమ్మ.

"విటమిన్ డి. వారానికొకటి. ఏ పదార్థంతోనూ వివాదం రాకుండా ఖాళీ కడుపున మంచినీళ్లతో వేసుకుంటున్నాను."

"అయ్యో! దానికి కాస్త నెయ్యీ నూనే ఉన్న భోజనం తోడైతేనే ఒంటికి బాగా పడుతుందండీ. మీ డాక్టర్ని అడగలేదా?"

ఎండీ గారు వంగి బూట్లు విప్పారు. "ఔషధ ప్రయోజనాల దృష్ట్యా" అని ఎవరికీ వినపడనట్టు అని, పంటు మీద కాలు పెట్టారు. మొదటి బంతి నిండిపోయింది, చోటు లేదు. కనకరత్నం గారు అలవాటు కొద్దీ, "సార్ ఇక్కడ కూచోండి, నేను తరవాత తింటాను" అని లేవబోయింది.

నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నొక్కాను. అంతకు ముందెప్పుడూ అంత చనువు తీసుకోలేదు. "లేవనన్నారు గదా అక్కగారూ" అన్నాను.

ఎండీ గారు ఒక క్షణం తటపటాయించి, తాతారావు చేతిలోంచి నేతి గిన్నె అందుకున్నారు. "నెయ్యి పంపిణీ నేను పర్యవేక్షిస్తాను" అని వంగి వడ్డించడం మొదలుపెట్టారు. చెయ్యి అలవాటు లేక మొదటి ఇద్దరికీ విస్తరి బయట పోశారు. మూడోవారి దగ్గరకు వచ్చేసరికి కుదిరింది.

మేమెవరం ముద్ద ఎత్తలేదు. ఆవిడ తినేదాకా చూస్తూ కూచున్నాం. కనకరత్నం గారు అన్నంలో కూర కలిపి, పొగలు పోకుండానే ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నమిలింది.

"బాగుందా అక్కగారూ? ఆవ తక్కువైందా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. 

"ఈ కూర ఎంతమందికి వడ్డించానో లెక్క లేదు తమ్ముడూ" అంది. "వేడిగా ఉన్నప్పుడు ఇలా ఉంటుందని ఇవాళే తెలిసింది. ఇంకాస్త వెయ్యమను."

తాతారావు గరిటె పట్టుకుని వచ్చాడు.